ఆకుపచ్చ గిన్నెలో గోధుమ

"నా కాఫీ అయ్యేలోపు నువ్వు చూడాల్సింది చూసుకో, ఐలా. ఆ తర్వాత ఇతన్ని తీసుకుపోతాను," అన్నాడు సార్జెంట్ మల్విహిల్.

అని ఆ ఇంటి కాఫీనే, ఆ ఇంటి కప్పులోనే, నిండా పోసుకున్నాడు. ఇంటి యజమాని చేతికి బేడీలు వెయ్యబోతూ అతని కాఫీ తాగడంలో ఆ మనిషికి ఏ ఇబ్బందీ కనిపించలేదు.

ఐలా రౌతియో కప్పు వంక చూసింది. పెద్దదే. మల్విహిల్ ఊదుకుంటూ తాగే రకం కాబట్టి కాస్త వ్యవధి దొరుకుతుంది. కెనడాలోని థండర్ బే పోలీసు శాఖలో ఆరేళ్ళు అతని పక్క కుర్చీలోనే పనిచేసింది ఆమె. ఆ ఆరేళ్ళూ అతను ఆమె భోజనం డబ్బా మూత తీసి వాసన చూసి "ఇవాళ మీ మతంలో ఏం ప్రసాదం?" అని అడగని రోజు లేదు. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ ఐలా పేగుకి పడదు. రొట్టె రజను గోరంత లోపలికి పోయినా నాలుగు రోజులు మంచం దిగలేదు. అదొక జబ్బని డాక్టరు రాసిచ్చిన కాగితం చూపించినా మల్విహిల్ చెవిన పెట్టలేదు. చివరికి ఆమె ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. బోర్డు పెట్టాక తెలిసిందేమిటంటే, అతని కేసులన్నీ తన గుమ్మం మీదుగానే పోతాయని.

ఇది అలాంటిదే. కాగితం మిల్లులో పనిచేసే ఒరెస్ట్ బిలిన్‌స్కీ భార్య ఇర్యా గురువారం నుంచి కనపడటం లేదు. ఇవాళ శనివారం. ఇర్యా బడిలో సైన్సు టీచరు. ఐలాకి ఉన్న జబ్బే ఆమెకీ ఉంది. ఫిన్లాండ్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలున్న ఆ ఊళ్ళో ఈ జబ్బు ఇంటికొకరికి ఉంటుంది. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి హాల్లో కాఫీ బల్లలు రెండు వేస్తారు, అందరికీ ఒకటి, వీళ్ళకొకటి. ఆ రెండో బల్ల దగ్గరే ఐలాకీ ఇర్యాకీ పరిచయం.

మల్విహిల్ లెక్క సూటిగా ఉంది. గురువారం సాయంత్రం ఆరున్నరకి మొగుడూ పెళ్ళాం ఇదే బల్ల దగ్గర కూర్చుని భోంచేస్తుండగా చూసిన సాక్షి ఉంది. సింకులో రెండు ఎంగిలి పళ్ళేలున్నాయి, పొయ్యి మీద మిగిలిన నూడుల్సున్నాయి. ఒరెస్ట్ మాత్రం ఇంటికే రాలేదంటున్నాడు. ఆరు నుంచి ఏడు దాకా మిల్లులో భోజన విరామమని, అప్పుడు తన ట్రక్కులో నిద్రపోయానని, రాత్రి పదకొండుకి వచ్చి చూస్తే ఇల్లు ఖాళీ అని చెప్తున్నాడు. ట్రక్కులో అతను నిద్రపోవడం చూసినవాళ్ళెవరూ లేరు.

"వచ్చాడు, తిన్నాడు, పోట్లాడాడు, చంపాడు. శవం ఎక్కడుందో ఇవాళ కాకపోతే రేపు చెప్తాడు," అన్నాడు మల్విహిల్.

ఒరెస్ట్ తల ఎత్తలేదు. రెండు రోజుల నుంచి నిద్రలేని కళ్ళు. ఐలా అతని ఎదురుగా కూర్చుని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ఆ సార్జెంట్ వైపు చూడకండి. నా వైపు చూసి చెప్పండి. ఈ గిన్నె ఎవరిది?"

పొయ్యి మీది గిన్నె పిడికి ఆకుపచ్చ టేపు చుట్టి ఉంది.

"ఇర్యాది. ఆకుపచ్చవన్నీ ఇర్యావి. ఎర్రటేపువి నావి."

ఐలా లేచి వంటిల్లు కలియజూసింది. ఆకుపచ్చ టేపుల గిన్నెలు పొయ్యి పక్కన పై అరలో ఉన్నాయి. చిల్లుల గిన్నె ఆకుపచ్చది, చెక్క గరిటె ఆకుపచ్చది. వెన్న డబ్బా కూడా ఆకుపచ్చదే. జాము సీసాలైతే పిండుకునే రకం, ఎంగిలి చాకు లోపల పెట్టే వీలు లేనివి. ఒక్క ఎర్రటేపు సామానూ అక్కడ లేదు. గురువారం వంట చేసినవాళ్ళు గిన్నె, చిల్లుల గిన్నె, గరిటె, మూడూ ఆకుపచ్చవే వాడారు.

"చూశావుగా, మీ ఆచారమంతా పాటించే వండుకున్నారు. ఇల్లాలే వండింది," అన్నాడు మల్విహిల్.

ఐలా సంచిలోంచి చిన్న పెట్టె తీసింది. హోటలుకి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా ఆ పెట్టె ఆమె వెంట ఉండాల్సిందే. గిన్నెలోంచి ఒక నూడుల్ ముక్క గిల్లి, బుల్లి సీసాలో ఉన్న నీళ్ళలో వేసి ఊపి, అందులో ఒక కాగితం పుల్ల ముంచింది. అయిదు నిమిషాలు ఆగాలి. ఒక గీత వస్తే తిండి మంచిది. రెండు గీతలు వస్తే అందులో గోధుమ ఉంది.

"రెండు రోజుల నాటి నూడుల్స్‌కి గర్భ పరీక్ష చేస్తున్నావా?" అన్నాడు మల్విహిల్.

"నీ కాఫీ నువ్వు తాగు."

రెండో గీత అయిదు నిమిషాలు కూడా ఆగలేదు. సగం సమయానికే ఎర్రగా, దిట్టంగా వచ్చి కూర్చుంది. ఐలా ఆ పుల్లని బల్ల మీద పెట్టింది. ఒరెస్ట్ దాన్ని చూశాడు. ఆ ఇంట్లో అలాంటి పుల్లలు అతనికి కొత్త కాదు. మొహంలో నెత్తురు లేకుండా పోయింది.

"మా గిన్నెలోనా?" అన్నాడు.

మల్విహిల్ మాత్రం హుషారుగా ముందుకు వంగాడు. గొడవకి కారణమేమిటో ఇప్పుడు దొరికింది కదా అన్నాడు. మొగుడు తన గోధుమ నూడుల్స్ తెచ్చి పెళ్ళాం గిన్నెలో వండేశాడు, ఆవిడకి ఒళ్ళు మండింది, మాటా మాటా పెరిగింది, అయిపోయింది. కేసు తనంతట తనే కుదురుకుంటోందని తెగ సంబరపడ్డాడు.

ఐలాకి కోపం ముక్కు దాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపి ఒరెస్ట్ వైపు తిరిగింది. "రెండు రోజుల నుంచి మీరేమీ తిన్నట్టు లేరు. లేచి ఒక రొట్టె ముక్క కాల్చుకుని తినండి. స్టేషన్లో వీళ్ళు ఏం పెడతారో ఏమో."

ఒరెస్ట్ ఆకలి లేదన్నాడు. ఐలా పట్టుబట్టింది. అతను నీరసంగా లేచాడు.

అతను వంటింట్లో ఏ అరా తెరవలేదు. వెనక వసారాలోకి వెళ్ళాడు. చలికి తలుపు వారగా వేసి ఉన్న ఆ వసారాలో రొట్టె ఉన్న రేకు డబ్బా, ఎర్రటేపు వేసిన టోస్టరు, వెన్న డబ్బా, ఒక పళ్ళెం, ఒక చాకు ఉన్నాయి. రొట్టె అక్కడే కాల్చుకున్నాడు. వెన్న రాసుకునేటప్పుడు చాకుని డబ్బాలో రెండోసారి ముంచలేదు. నిలబడే రెండు ముక్కలు కొరికాడు. రజను పడిన చోట తడిబట్టతో తుడిచి, ఆ బట్టని వేరే బకెట్లో వేసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని లోపలికి వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండా నేరుగా స్నానాల గది వైపు నడిచాడు. గుమ్మం దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"ఎక్కడికి?" అన్నాడు మల్విహిల్.

"పళ్ళు తోముకోవడానికి," అన్నాడు ఒరెస్ట్. "రొట్టె తిన్నాక పళ్ళు తోముకోకుండా ఇర్యా దగ్గరికి వెళ్ళను. ముద్దు పెట్టుకుంటే తనకి పడదు."

అని ఆ గుమ్మానికి తల ఆనించి ఏడ్చాడు. పదకొండేళ్ళ కాపురంలో ఒంటబట్టిన అలవాటు, ముద్దు పెట్టుకోవడానికి మనిషి లేకపోయినా కాళ్ళని అటే తీసుకెళ్ళింది. ఐలా పెళ్ళి చేసుకోలేదు. చేసుకుంటే ఇలాంటివాడినే చేసుకోవాలని ఆ క్షణంలో అనిపించింది.

"ఈ మనిషి తన భార్య గిన్నెలో గోధుమ ఉడికించాడంటావు. నిద్రలో కూడా ఉడికించడు మల్విహిల్. చేతులకి చేతకాదు," అంది.

"నటన కావచ్చు."

"నేను దేనికోసం చూస్తున్నానో అతనికి తెలియదు. నీకూ తెలియలేదు."

మల్విహిల్ మరి గోధుమ నూడుల్స్ ఎక్కణ్ణించి వచ్చాయన్నాడు. అది న్యాయమైన ప్రశ్నే. ఈ ఇంట్లో గోధుమ నూడుల్స్ అడుగుపెట్టి పదకొండేళ్ళయిందని, తనకి ఆ వసారాలో రొట్టె తప్ప గోధుమది ఇంకేమీ ఉండదని ఒరెస్ట్ చెప్పాడు. ఐలా పై అర తెరిచింది. నోరు తెరిచిన నూడుల్స్ ప్యాకెట్ ఒకటి, దాని వెనక తెరవనివి రెండు. మూడింటి మీదా ఒకటే ఆకుపచ్చ ముద్ర. హిల్కా లువోమా దుకాణం సరుకు. గ్లూటెన్ లేని పిండి, రొట్టె, నూడుల్స్, యాలకుల బన్నులు. ఊళ్ళో ఈ జబ్బున్న ప్రతి ఇంట్లోనూ ఆ ముద్ర ఉంటుంది. ఐలా ఇంట్లోనూ ఉంది.

తెరవని ప్యాకెట్ ఒకదాన్ని కత్తెరతో కోసింది. ఎవరి చెయ్యీ తగలని నూడుల్ ముక్కని రెండో సీసాలో వేసింది. మల్విహిల్ కూడా కప్పు పక్కన పెట్టి పుల్ల వైపే చూశాడు.

రెండు గీతలు.

ఐలా బల్ల అంచు పట్టుకుంది. ఎండాకాలం ముందునుంచీ ఆమె ఒళ్ళు ఆమె మాట వినడం లేదు. జుట్టు ఊడిపోతోంది, కడుపు ఉబ్బిపోతోంది, మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు కళ్ళజోడు మీంచి చూసి, ఎక్కడో దొంగతిండి తింటున్నావు, నిజం చెప్పు అన్నాడు. ఆ మాటకి అవమానంతో ఇంటికొచ్చి, ఇంట్లో ఉన్నవన్నీ పారేసి, హిల్కా సరుకు తప్ప ఇంకేదీ తినకూడదని ఒట్టు పెట్టుకుంది. తిన్నకొద్దీ జబ్బు ఎందుకు పెరిగిందో ఇప్పుడు అర్థమైంది. రెండో బల్ల దగ్గర అందరూ అలాగే వాడిపోతున్నారు. అందరి డాక్టర్లూ అందరినీ అదే మాట అన్నారు.

"అయితే ఇంకేం, ఇర్యా తెలియక వండింది," అన్నాడు మల్విహిల్. గొంతులో మునుపటి హుషారు లేదు. "తెలియక తిన్నది. మొగుడు ఎదురుగానే ఉన్నాడు."

"ఒరెస్ట్ గారూ, ఈమధ్య ఇర్యా ఏం తింటోంది?"

ఒరెస్ట్ కళ్ళు తుడుచుకున్నాడు. అక్టోబరులో థాంక్స్‌గివింగ్ పండగ అయినప్పటి నుంచి ఇర్యా ప్యాకెట్లో వచ్చే ఏ తిండీ ముట్టుకోలేదని చెప్పాడు. అన్నం, బంగాళాదుంపలు, సరస్సు చేప, గుడ్లు. అంతే. ఎందుకని అడిగితే ఒక సంగతి తేలాలి, తేలాక చెప్తాననేది. బడి లేబొరేటరీలో సాయంత్రాలు ఆలస్యంగా ఉండేది. ఆ తిండి మొదలెట్టాక మనిషి తేరుకుంది, బుగ్గలు వచ్చాయి. ఆ ప్యాకెట్లు పారేద్దామంటే మాత్రం వద్దు, ఉండనీ, అవి కావాలి అనేది.

ఐలా ఒక్కొక్క మాటా మల్విహిల్‌కి వినపడేలా చెప్పింది. "గురువారం ఇక్కడ వండినవాళ్ళకి ఆకుపచ్చ గిన్నె సంగతి తెలుసు, గరిటె సంగతి తెలుసు. మా ఆచారమంతా తెలుసు. తెలియంది ఒక్కటే. ఇర్యా ఆ నూడుల్స్ మానేసిందని. ఆ సంగతి ఇతనికి తెలుసు కాబట్టి ఇతను కాదు. ఇర్యాకి తెలుసు కాబట్టి ఇర్యా కాదు. ఆవిడ ఇంకా అవే తింటోందని నమ్మినవాళ్ళెవరో వచ్చి, రెండు పళ్ళేలు ఎంగిలి చేసి, సింకులో పడేసి పోయారు. నీ సాక్షి ఎవరు?"

మల్విహిల్ చెప్పేటప్పుడు ఆమె వైపు చూడలేదు. "హిల్కా లువోమా. రొట్టె ఇవ్వడానికి వచ్చి కిటికీలోంచి చూశానంది. వాంగ్మూలం మీద సంతకం పెట్టడానికి ఇక్కడికే రమ్మన్నాను."

ఆవిడ పన్నెండు కొట్టేసరికి వచ్చింది. అరవై దాటిన మనిషి, వెండి జడ చుట్టూ ఊలు గుడ్డ, చేతిలో బుట్ట. కష్టంలో ఉన్న ఇంటికి ఒట్టి చేతులతో వెళ్ళరు అక్కడ. ఒరెస్ట్ తల నిమిరి, దేవుడున్నాడు నాయనా అంది. బుట్ట మీది బట్ట తీసి యాలకుల బన్నులు బల్ల మీద పెట్టింది. గుమగుమలాడే మెత్తటి బన్నులు. ఆ మెత్తదనం చూసే కదా తామంతా మురిసిపోయింది అనుకుంది ఐలా. బియ్యప్పిండితో అంత మెత్తన ఎలా వచ్చిందని ఒక్కరూ అడగలేదు.

"తిను తల్లీ, చిక్కిపోయావు," అంది హిల్కా.

"తర్వాత తింటాను. గురువారం ఇర్యాని చూశారటగా. ఏం తింటోంది?"

హిల్కా కొంచెం కూడా తడబడలేదు. తన నూడుల్సేనంది. వెన్న వేసుకుని, ఫోర్కుకి చుట్టుకుని, ఇష్టంగా తింటోందంది. మొగుడు ఏదో అరుస్తున్నాడని కూడా చేర్చింది. ఐలా వింటూ ఒక బన్ను తుంచి మూడో సీసాలో వేసి ఊపి, కాగితం పుల్ల ముంచింది. ఆవిడ కళ్ళు ఆ సీసా మీద పడ్డాయి. మాట ఆగింది.

"ఏంటది?"

"అయిదు నిమిషాల్లో తెలుస్తుంది. మీకు తెలియని సంగతేం కాదు. మీరు ఇర్యాని చూడలేదు హిల్కా గారూ. ఇర్యా మీ నూడుల్స్ ముట్టుకుని నెల దాటింది."

హిల్కా ఒరెస్ట్ వైపు తిరిగింది. అతను అవునన్నట్టు తలాడించాడు. ఆవిడ బుట్ట మీద బట్ట సర్దింది, నిదానంగా లేచింది. సంతకం సోమవారం పెడతాను, ఇంటి దగ్గర పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానంది. మల్విహిల్ ఆపబోయాడు. ఐలా చెయ్యి అడ్డం పెట్టి, పోనీ, నేను కారు దాకా దిగబెడతానంది. ఈ మనిషి దగ్గర ఇంకేముందో చూడాలంటే ఇంటి లోపల కంటే బయటే మేలని తోచింది.

కారు వెనక సీటు మీద అట్టపెట్టె ఉంది. బర్చి చెట్టు కట్టెలు కాల్చిన పొగ వాసన అద్దం సందులోంచి గుప్పున కొట్టింది. ఐలా వంగి చూసింది. పెట్టెలో గుడ్డు పెంకులు, నల్లబడిన అరటితొక్కలు, నారింజ తొక్కలు, వాటి పక్కన యాలకుల బన్నులు. కొరకనివి, రాయిలా గట్టిపడినవి.

"ఇవేంటి?"

"మా కోళ్ళకి," అంది హిల్కా.

"మీ కోళ్ళు బన్నులు వదిలేసి గుడ్లు తిన్నాయా?"

హిల్కా కారు తలుపు మీద చెయ్యి వేసింది. ఐలా ఆ తలుపుకి అడ్డంగా నిలబడింది. అప్పటికి మల్విహిల్, చెప్పులతోనే ఒరెస్ట్ బయటికి వచ్చేశారు. ఐలా గొంతు పెంచింది.

"దీన్ని చూడు మల్విహిల్. నమ్మకం లేని ఇంట్లో మేం తినేవి ఇవే. పెంకులో ఉన్న గుడ్డు, తొక్కలో ఉన్న పండు. ఎవరి పిండి చెయ్యీ లోపలికి పోలేనివి. ఆరేళ్ళు నా డబ్బాలో నువ్వు చూసి నవ్వినవి. ఎవరినో ఎక్కడో పెట్టి ఈవిడ తిండి పెడుతోంది. ఆ మనిషి ఈవిడ బన్ను ముట్టుకోవడం లేదు. ఇర్యా బతికే ఉంది."

ఒరెస్ట్ కారు మీద రెండు చేతులూ వేసి నిలబడిపోయాడు. పెట్టెలో పెంకులనే చూస్తున్నాడు. "గుడ్డుని ఇలా నడిమికి పగలగొట్టేది తనే," అన్నాడు.

మల్విహిల్ లోపలికి వెళ్ళి మూడో పుల్ల తెచ్చాడు. రెండు గీతలు. దాన్ని జేబులో పెట్టుకుని, ఇంతసేపూ ఒరెస్ట్ కోసం ఉంచిన బేడీలు తీసి హిల్కా చేతికి వేశాడు.

బేడీలు పడ్డాక ఆవిడ తల వంచుతుందనుకుంది ఐలా. ఆవిడ తల ఇంకా పైకెత్తింది.

"ఏం తప్పు చేశాను? నా మొగుడికీ ఇదే జబ్బు. ఇరవై ఏళ్ళు ఇసకలాంటి రొట్టె నమిలి నమిలి పోయాడు. మీరందరూ ఆ ఇసకే తినేవాళ్ళు. ఈ వసంతంలో పిండి కుదరక గుప్పెడు గోధుమ కలిపాను. ఎంత మెత్తగా ఉందో అన్నారు. మళ్ళీ కావాలన్నారు. ఎవరైనా చచ్చారా?"

"చచ్చినట్టే బతికాం. నా జుట్టు చూడండి," అంది ఐలా. "దొంగతిండి తింటున్నామని మా డాక్టర్ల చేత తిట్టించారు. మా తిండి మేం తినడానికి ఇంట్లో, బడిలో, స్టేషన్లో ప్రతివాడితో పోట్లాడి తెచ్చుకున్న చోటు అది. ఆ బల్ల దగ్గర ఒక్కచోటే మేం అడక్కుండా తినేది. ఇర్యా ఎక్కడ?"

చెప్పింది. దాచాల్సిన సంగతిలా కాకుండా, విసుగ్గా చెప్పింది. గురువారం బడి అవగానే ఇర్యా దుకాణానికి వచ్చి, ఆదివారం కాఫీ దగ్గర అందరి ముందూ మీరే చెప్పండి, లేకపోతే నేను చెప్తానందట. మాట్లాడుకుందాం రమ్మని కారెక్కించుకుని ఉత్తరాన సరస్సు పక్కనున్న తన తండ్రి క్యాంపుకి, అడవిలోని సెలవుల ఇంటికి, తీసుకెళ్ళింది. అక్కడ కట్టెల పొయ్యి వేడితో ఆవిరి పట్టుకునే సౌనా గదిలోకి పోగానే బయట గడియ పెట్టింది. బయటికి రావాలంటే షరతు ఒకటే. తన బన్ను తన కళ్ళ ముందు తిని, బాగుందని చెప్పాలి. ఎవరూ తనని అనుమానించకుండా, ఆ సాయంత్రమే ఇర్యా తాళంచెవితో ఈ ఇంట్లోకి వచ్చి రెండు పళ్ళేలు ఎంగిలి చేసి పోయింది.

మల్విహిల్ అప్పటికే రేడియోలో అంబులెన్సుని పిలుస్తున్నాడు. క్యాంపు నలభై నిమిషాల దారి. ఒరెస్ట్ బూట్లు వేసుకోవడానికి లోపలికి పరిగెత్తబోయాడు. హిల్కా వెనకనుంచి పిలిచింది.

"అంత కంగారేం లేదు. మీ ఆవిడ మీరనుకున్నంత మొండిదేం కాదు. ఈ పొద్దున తింది. మొత్తం తింది. బాగుందని కూడా అంది. తిరిగొచ్చి వదిలేద్దామనే అనుకున్నాను."

ఒరెస్ట్ ఆగిపోయాడు. "ఎన్నింటికి?"

"పదింటికి. చూస్తూనే ఉన్నాను, ఏమీ కాలేదు."

"రెండు గంటలు పడుతుంది తనకి." ఒరెస్ట్ గొంతు పిల్లవాడి గొంతులా అయిపోయింది. కిందటిసారి ఒక పెళ్ళి విందులో పొరపాటున గరిటెడు పులుసు లోపలికి పోతే వాంతులతో స్పృహ తప్పిందని, ఆసుపత్రిలో సూది మందులతోనే నిలబడిందని ఐలాతో చెప్పాడు. అప్పుడు పక్కన మనుషులున్నారు. ఇప్పుడు గడియ పెట్టిన గది, నవంబరు చలి. పన్నెండున్నర దాటింది.

మల్విహిల్ హిల్కాని తన కారులోకి తోసి డ్రైవరు తలుపు తెరిచాడు. తెరిచి, ఐలాని అడిగాడు. మొదటిసారి ఎగతాళి లేకుండా అడిగాడు.

"తింటే ఏమవుతుందో ఆవిడకి తెలుసు కదా. ఇన్ని రోజులు గుడ్లతో నెట్టుకొచ్చింది. ఇవాళెందుకు తింది? ఆకలా?"

ఐలాకీ అదే అర్థం కావడం లేదు. గుడ్లు ఉన్నాయి, పళ్ళు ఉన్నాయి. ఆకలి కాదు. ఆమె కారులోకి వంగి హిల్కా మొహంలోకి చూసింది. "తినేముందు మీరు తనతో ఏమన్నారు?"

"ఉన్నమాటే అన్నాను. రేపటికల్లా దుకాణం కడిగేస్తాను, పిండంతా సరస్సులో కలిపేస్తాను, మీ ఇంట్లో ప్యాకెట్లు కూడా తీయిస్తాను, నీ మాటకి సాక్ష్యం ఏదీ మిగలదు అన్నాను. కాసేపు గోడ వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత ఆ బన్ను ఇటివ్వమంది."

ఐలాకి భయమూ గర్వమూ ఒకేసారి వచ్చాయి. ఇర్యా సైన్సు టీచరు.

"దుకాణం కడుగుతారు, ప్యాకెట్లు తీయిస్తారు. ఆవిడ ఒంట్లోంచి ఎలా తీయిస్తారు హిల్కా గారూ? తిన్న గోధుమ ఒకటి రెండు రోజులపాటు మూత్రంలో కనిపిస్తుంది. ఆసుపత్రిలో ఒక్క పరీక్ష చాలు. మీకు లొంగి తినలేదు ఇర్యా. మీరు చెరపలేని చోట సాక్ష్యం దాచుకుంది."

అప్పటిదాకా నిటారుగా ఉన్న హిల్కా మెడ మొదటిసారి వాలింది. మల్విహిల్ బండి స్టార్టు చేశాడు, ఒరెస్ట్ చెప్పులతోనే ముందు సీట్లో పడ్డాడు. ఐలా వెనక, ఆవిడ పక్కన కూర్చుని తలుపు లాక్కుంది. రోడ్డెక్కాక హిల్కా తనలో తాను అనుకుంటున్నట్టు అంది.

"రెండోది కూడా అడిగి మరీ తీసుకుని తింది."